కౌంట్ అంటే దేనికి ఎన్ని? రొయ్యల చెరువు నుంచి బ్లడ్ రిపోర్టు దాకా

అందరికీ నమస్కారం. ఈరోజు ఒకే ఒక్క ఇంగ్లీషు మాట తీసుకుందాం: కౌంట్. విడవలూరు, ఇందుకూరుపేట వైపు చెరువు గట్టు మీద "కౌంట్ ఎంతొచ్చిందబ్బయా?" అని అడిగితే "అరవై అన్నా" అంటారు. నెల్లూరులో ల్యాబ్ బయట అదే ప్రశ్నకు జవాబు లక్షల్లో వస్తుంది. వెంకటగిరి మగ్గం దగ్గరైతే నూరు. డిక్షనరీ తెరిస్తే "లెక్క, లెక్కపెట్టు" అని ఉంటుంది. అర్థం సరైనదే, కానీ దాంతో పని గడవదు. ఎందుకంటే కౌంట్ అన్న చోటల్లా వెనక ఇంకో కొలత ఉంటుంది. కిలోకా, పౌండుకా, అంగుళానికా, మైక్రోలీటరుకా? అది పట్టుకుంటే ఈ మాట మొత్తం చేతికొచ్చినట్టే.

ముందు రొయ్య. మన దగ్గర కౌంట్ అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో ఆ సంఖ్య. వెయ్యిని కౌంట్‌తో భాగిస్తే ఒక్కో రొయ్య సగటు బరువు గ్రాముల్లో వస్తుంది. 100 కౌంట్ అంటే 10 గ్రాములు, 50 కౌంట్ అంటే 20, 40 కౌంట్ అంటే 25. అంకె తగ్గేకొద్దీ రొయ్య పెద్దది, మామూలుగా రేటూ ఎక్కువే. కొత్తగా చెరువు లీజుకు తీసుకున్నవాళ్లు మొదట తడబడేది ఇక్కడే.

ఇంకో చిక్కుంది, దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. పది కౌంట్ దిగడం ప్రతిసారీ ఒకటే కాదు. 100 నుంచి 90కి దిగాలంటే రొయ్య 1.1 గ్రాము పెరిగితే చాలు. 40 నుంచి 30కి దిగాలంటే 8.3 గ్రాములు పెరగాలి. వారానికి 2 గ్రాములు పెరుగుతుందనుకుంటే మొదటిదానికి నాలుగు రోజులు, రెండోదానికి నాలుగు వారాలు. రెండుచోట్లా మనం అనేది "పది కౌంట్" అనే. ఆ నాలుగు వారాల మేత, కరెంటు, జబ్బు భయం లెక్క వేసుకోకుండా "ఇంకో పది కౌంట్ దిగనిద్దాం" అనుకోకండి. గ్రాముల్లోకి మార్చుకుని ఆలోచించండి.

కౌంట్ తీసేటప్పుడు చెరువులో నాలుగైదు చోట్ల విసురువల వేయండి. చెక్ ట్రే (మేత తిన్నాయో లేదో చూడటానికి చెరువులో దించే పళ్లెం) దగ్గర దొరికినవి మాత్రమే చూస్తే చెరువు మొత్తం సంగతి తెలియదు. నీరు బాగా కారనిచ్చి తూయండి. రొయ్యకు అంటుకున్న నీరు తూకంలో 5 శాతం ఉంటే నిజమైన 50 కౌంట్ 48లా కనిపిస్తుంది. సరిగ్గా ఒక కిలో తూకం కుదర్చాలని ఒకటి తీసి ఇంకోటి వేయడం మొదలుపెడితే చెయ్యి తెలియకుండానే పెద్దదాన్ని ఏరుతుంది. అందుకే వలలో పడినదంతా తూచి, అంతా లెక్కపెట్టి, రొయ్యల సంఖ్యను కిలోలతో భాగించండి. 3 కిలోల 200 గ్రాములకు 176 రొయ్యలు వచ్చాయంటే 55 కౌంట్. పట్టుబడి రోజు కూడా ఇదే పద్ధతి అడగండి. కిలో రేటులో ఒక్కో కౌంట్‌కి 4 రూపాయల తేడా ఉందనుకుందాం. 50ని 52గా రాస్తే కిలోకి 8 రూపాయలు, రెండు టన్నులకు 16,000 రూపాయలు పోయినట్టే.

కౌంట్ సగటు మాత్రమేనని కూడా గుర్తుపెట్టుకోవాలి. సగం రొయ్యలు 15 గ్రాములవి, సగం 25 గ్రాములవి ఉన్నా 50 కౌంటే వస్తుంది. అన్నీ 20 గ్రాములే ఉన్న చెరువుకీ 50 కౌంటే. కొనేవాళ్లకు ఈ రెండు సరుకులూ ఒకటి కావు.

ఇదే రొయ్య అమెరికా వెళ్లేసరికి కౌంట్ మారిపోతుంది. అక్కడ కొలత పౌండు, అంటే 454 గ్రాములు. పైగా తల తీసిన సరుకు. ఒకే అంకె బదులు రెండంకెల మధ్య చెబుతారు: సిక్స్‌టీన్ ట్వంటీ, ట్వంటీవన్ ట్వంటీఫైవ్, ట్వంటీసిక్స్ థర్టీ. మన 40 కౌంట్ రొయ్య 25 గ్రాములు, తల తీస్తే దాదాపు మూడింట రెండు వంతులు మిగిలి 16 గ్రాములు. పౌండుకి 28 దాకా తూగుతాయి, అంటే ట్వంటీసిక్స్ థర్టీ పెట్టెలోకి వెళ్తుంది. "యూ టెన్" అని రాసి ఉంటే పౌండుకి పది లోపే అని. ఎక్స్‌పోర్ట్ ధర వార్తల్లో చూసి "మన దగ్గర 30 కౌంట్‌కి ఇంతేనా" అని బాధపడేముందు ఆ 30 కిలోకో పౌండుకో, తలతోనో తల లేకుండానో చూడండి. ఇంగ్లీషులో మాట్లాడాల్సి వస్తే "ఫిఫ్టీ కౌంట్ ష్రింప్" అనండి, "ఫిఫ్టీ కౌంట్స్" అనకండి. ష్రింప్ అన్న మాట కూడా ఎన్ని రొయ్యలున్నా ఎక్కువగా అలాగే ఉంటుంది.

నూలు కౌంట్‌లో కూడా సూత్రం అదే, బరువు ఒకటే పెట్టి ఎన్ని వస్తాయో చూడటం. 840 గజాల చిలపలు (నూలు చుట్టలు) ఒక పౌండుకి ఎన్ని తూగితే అంత కౌంట్. మన నేతగాళ్లు నంబరు అంటారు. 40వ నంబరు నూలు పౌండుకి 33,600 గజాలు వస్తుంది, 100వ నంబరు 84,000 గజాలు. అంకె పెరిగితే దారం సన్నం. వెంకటగిరి జరీ చీరకి వాడే నూరో నంబరు నూలు అంత పలచగా, మెత్తగా ఉండేది అందుకే. రొయ్యలోనూ నూలులోనూ అంకె పెరిగితే వస్తువు చిన్నదే అవుతుంది, కానీ రొయ్య చిన్నదైతే చవక, దారం సన్నదైతే ఖరీదు. పట్టుకి వాడే డెనియర్ దీనికి సరిగ్గా ఎదురు. పొడవు ఒకటే పెట్టి బరువు చూస్తారు, 9,000 మీటర్లకు ఎన్ని గ్రాములని. అక్కడ అంకె పెరిగితే దారం లావు.

దుప్పటి ప్యాకెట్ మీద రాసే థ్రెడ్ కౌంట్ మళ్లీ వేరు. చదరపు అంగుళంలో పడుగు పోగులు, పేక పోగులు కలిపి ఎన్ని ఉన్నాయో ఆ సంఖ్య అది. రెండు పోగులు పేనిన దారాన్ని రెండుగా లెక్కపెట్టి 300 ఉన్నదాన్ని 600 అని అమ్మేవాళ్లున్నారు. పెద్ద అంకె చూసి కొనకండి, గుడ్డ చేత్తో పట్టుకుని చూడండి.

ఇక రక్తం. ప్లేట్‌లెట్ కౌంట్ మైక్రోలీటరుకి. మామూలుగా లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షలు. తెల్లకణాల టోటల్ కౌంట్ కూడా మైక్రోలీటరుకే, 4,000 నుంచి 11,000. కానీ దాని కిందే ఉండే డిఫరెన్షియల్ కౌంట్ శాతాల్లో ఉంటుంది, న్యూట్రోఫిల్స్ 60 అంటే తెల్లకణాల్లో నూటికి అరవై అని. ఒకే కాగితం మీద రెండు కొలతలు, అందుకే 60 చూసి "ఇంత తగ్గిపోయాయా" అని కంగారుపడేవాళ్లుంటారు. జ్వరం, రక్తస్రావం ఏమీ లేకుండా ప్లేట్‌లెట్లు ఉన్నట్టుండి బాగా తక్కువ వస్తే, ట్యూబులో అవి గుంపులుగా అతుక్కుపోయి మిషన్‌కి లెక్కలోకి రాకపోయి ఉండొచ్చు. స్మియర్, అంటే రక్తపు చుక్కను గాజు పలక మీద పూసి మైక్రోస్కోపులో చూసే పరీక్ష, చూడమని డాక్టర్‌ని అడగండి. చెప్పేటప్పుడు "ప్లేట్‌లెట్ కౌంట్ ఈజ్ లో" అనాలి. తెలుగులో అన్నిటికీ "తక్కువ" అంటాం కాబట్టి "కౌంట్ ఈజ్ లెస్" అని నోటికొచ్చేస్తుంది, అది ఇంగ్లీషులో అతకదు.

బిరుదుగా వాడే కౌంట్‌కి లెక్కతో చుట్టరికమే లేదు. ఐరోపా ప్రభువుల బిరుదు అది, రష్యా రచయిత టాల్‌స్టాయ్ కౌంట్ టాల్‌స్టాయే. బిరుదు కౌంట్ సహచరుడు అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి వచ్చింది, మన లెక్క కౌంట్ లెక్కించడం అనే మాట నుంచి. కోర్టు వార్తల్లో "త్రీ కౌంట్స్ ఆఫ్ ఫ్రాడ్" అంటే మోసానికి సంబంధించి మూడు వేర్వేరు అభియోగాలని. "ఆన్ ఆల్ కౌంట్స్" అంటే అన్ని విధాలా.

క్రియగా వాడేటప్పుడు మన "లెక్క" కొంతదూరం తోడొస్తుంది, తర్వాత ముంచుతుంది. "దట్ డజంట్ కౌంట్" అంటే అది లెక్కలోకి రాదు, చక్కగా సరిపోయింది. కానీ "వాడు నన్ను లెక్కచేయడం లేదు" అన్నదాన్ని "హీ ఈజ్ నాట్ కౌంటింగ్ మీ" అంటే, మనుషుల్ని లెక్కపెడుతూ నన్ను వదిలేశాడనే అర్థమొస్తుంది. "హీ ఇగ్నోర్స్ మీ" అనండి. "యూ కెన్ కౌంట్ ఆన్ మీ" అంటే నన్ను నమ్ముకోవచ్చని, అక్కడ లెక్కేమీ లేదు. "కౌంట్ మీ ఇన్" అంటే నేనూ వస్తా, "కౌంట్ మీ అవుట్" అంటే నన్ను వదిలేయండి. బస్సు మాట్లాడుకునేటప్పుడు పనికొచ్చేది "నాట్ కౌంటింగ్". "ట్వెల్వ్ పీపుల్, నాట్ కౌంటింగ్ ద డ్రైవర్" అంటే డ్రైవర్ కాకుండా పన్నెండు మంది. "నాట్" తీసేస్తే డ్రైవర్‌తో కలిపి పన్నెండు. ఒక్క మాటతో ఒక సీటు తేడా. గుడ్లు పొదగకముందే కోడిపిల్లల్ని కౌంట్ చేయొద్దని ఇంగ్లీషు సామెత ఉంది. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్న మన సామెత సరిగ్గా దానికి జోడీ.

చివరిగా కౌంటబుల్ నామవాచకాలు. ఇక్కడ తప్పు రావడానికి కారణం మన తెలుగే. మనకు నీళ్లు, పాలు బహువచనం. "ఎన్ని నీళ్లు పోశావు" అనడం తెలుగులో సహజం. అదే అలవాటులో "హౌ మెనీ వాటర్" అనేస్తాం. ఇంగ్లీషులో వాటర్, మిల్క్, రైస్, ఫర్నిచర్, లగేజ్, ఇన్‌ఫర్మేషన్ లెక్కపెట్టలేనివి. వాటికి "మచ్" వాడాలి, చివర ఎస్ చేర్చకూడదు. లెక్క కావాలంటే ముందు ఒక పాత్రో బస్తానో పెట్టుకోవాలి: "టూ గ్లాసెస్ ఆఫ్ వాటర్", "టెన్ బ్యాగ్స్ ఆఫ్ రైస్", "త్రీ పీసెస్ ఆఫ్ లగేజ్". హోటల్లో "టూ కాఫీస్" అనొచ్చు, ఎందుకంటే అక్కడ రెండు కప్పులని అందరికీ తెలుసు.