బయోడీజిల్ పాతబడితే పొగ పెరుగుతుందా, తగ్గుతుందా?

[దృశ్యం: పక్కపక్కనే రెండు గాజు సీసాలు. ఒకదానిలో తేటగా, లేత పసుపు రంగులో ఇంధనం. రెండోదానిలో ముదురు గోధుమ రంగు, అడుగున జిగురు మడ్డి.]

వ్యాఖ్యాత: రెండింటిలోనూ ఉన్నది బయోడీజిలే, అంటే నూనె నుంచి తయారుచేసే డీజిల్ లాంటి ఇంధనం. ఒకే నూనెతో, ఒకేసారి తయారైంది. మొదటి సీసాకు మూత బిగించి చీకట్లో ఉంచారు. రెండోదాన్ని మూత వదులుగా పెట్టి, లోపల పాడవడాన్ని తొందరపెట్టే ఓ రాగి ముక్క వేసి, వేడి తగిలేచోట వదిలేశారు. ఇప్పుడు మూత తీస్తే ముక్కిపోయిన నూనె వాసన గుప్పుమంటుంది. మరి, బయోడీజిల్ వాడితే పొగ తగ్గుతుందని చెప్పేది వీటిలో దేని గురించి?

ఆ మాటలో నిజం లేకపోలేదు. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ అప్పటివరకు అందుబాటులో ఉన్న ఇంజిన్ పరీక్షల ఫలితాలను 2002లో ఒకచోట చేర్చి చూసింది. డీజిల్‌లో 20 శాతం బయోడీజిల్ కలిపితే మసి రేణువులు సుమారు 10 శాతం, కార్బన్ మోనాక్సైడ్ 11 శాతం, కాలకుండా మిగిలే హైడ్రోకార్బన్లు 21 శాతం తగ్గాయి. నైట్రోజన్ ఆక్సైడ్లు మాత్రం 2 శాతం పెరిగాయి. బయోడీజిల్ బరువులో దాదాపు 11 శాతం ఆక్సిజనే. ఇంజిన్ సిలిండర్‌లో గాలి సరిగా అందనిచోట కూడా మసి కట్టకుండా ఆదుకునేది అదే.

[దృశ్యం: పొడవాటి కార్బన్ గొలుసు. రెండు ద్విబంధాల మధ్యనున్న కార్బన్ ఎర్రగా మెరుస్తుంది.]

ఇక చిక్కు ఎక్కడంటే, ఇదిగో, బయోడీజిల్ అణువులోని ఈ గొలుసులో. పక్కపక్క కార్బన్లను ఒకటికి బదులు రెండు బంధాలు కలిపితే అది ద్విబంధం. రెండు ద్విబంధాల మధ్య ఇరుక్కున్న ఈ కార్బన్‌కు తన హైడ్రోజన్ మీద పట్టు తక్కువ. గాలిలోని ఆక్సిజన్ ముందుగా దెబ్బకొట్టేది దీన్నే. ఒకే ద్విబంధం ఉన్న ఓలియిక్ రకం గొలుసు పాడయ్యే వేగాన్ని 1 అనుకుంటే, రెండున్న లినోలియిక్ రకానిది 40 దాకా, మూడున్న లినోలెనిక్ రకానిది 100 దాకా ఉంటుంది. ముందు పెరాక్సైడ్లు, అంటే ఆక్సిజన్ చేరి నిలకడ లేకుండా ఉండే పదార్థాలు పుడతాయి. తర్వాత అవే విరిగి ఆమ్లాలవుతాయి, కొన్ని ఒకదానికొకటి అతుక్కుని జిగురవుతాయి.

ఇక్కడో తమాషా ఉంది. పెరాక్సైడ్లు ఇంధనం సీటేన్ సంఖ్యను పెంచుతాయి, అంటే అది త్వరగా అంటుకుంటుంది. అందుకే ఇంజిన్‌ను కాసేపు నడిపి కొలిస్తే, పాతబడిన బయోడీజిల్‌తోనే కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్లు ఇంకా తక్కువగా కనిపించవచ్చు. ఒక్క పూట కొలతను పట్టుకుని ఇంధనం మంచిదని తేల్చేస్తే నమ్మకండి.

[దృశ్యం: ఇంజెక్టర్ మొన, బాగా దగ్గరగా. రంధ్రాల చుట్టూ నల్లటి పొర.]

ఇంజెక్టర్ అంటే ఇంజిన్‌లోకి ఇంధనాన్ని చిమ్మే భాగం. దాని రంధ్రాల వెడల్పు మిల్లీమీటరులో పదో వంతుకు కాస్త అటూఇటూ. జిగురు ఇక్కడ పేరుకుంటే, సన్నటి తుంపరగా చిమ్మాల్సిన ఇంధనం వంకరగా, పెద్ద చుక్కలుగా పడుతుంది. చుక్క పూర్తిగా కాలదు. తగ్గిందనుకున్న మసి మళ్లీ మొదలవుతుంది.

తయారీలో మిగిలే మలినాలూ తక్కువేమీ కావు. నూనెను బయోడీజిల్‌గా మార్చే చర్య పూర్తికాక మిగిలిన గ్లిసరైడ్లు, అంటే పూర్తిగా మారని నూనె భాగాలు, మొనల మీద మాడి గట్టిపడతాయి. ఆ చర్యను వేగవంతం చేయడానికి వాడే ఉత్ప్రేరకం నుంచి వచ్చే సోడియం, పొటాషియం బూడిదగా మారి, మసిని పట్టే ఫిల్టర్‌లో తిష్ట వేస్తాయి. మసినైతే కాల్చి వదిలించవచ్చు, బూడిదను కాల్చలేం. అందుకే యూరప్ ప్రమాణం సోడియం, పొటాషియం రెండూ కలిపి కిలోకు 5 మిల్లీగ్రాములు దాటకూడదంటుంది. ఫాస్ఫరస్ అయితే పొగను శుభ్రపరిచే ఉత్ప్రేరక కన్వర్టర్‌నే దెబ్బతీస్తుంది.

[దృశ్యం: వేడి గొట్టంలో బుడగలు. పక్కనే నీటి పాత్ర, అందులో విద్యుత్ వాహకతను కొలిచే ముల్లు.]

ఇంధనం పాడవకుండా ఎంతసేపు నిలుస్తుందో, అంటే దాని నిలకడను, పరీక్షించేది ఇలా. ఇంధనాన్ని 110 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంచి, గాలి ఊదుతూ, పైకొచ్చే ఆవిరిని స్వచ్ఛమైన నీటిలోకి పంపుతారు. ఆమ్లాలు పుట్టగానే నీటి వాహకత ఒక్కసారిగా ఎగబాకుతుంది. అంతవరకు పట్టిన సమయమే నిలకడ. యూరప్ 8 గంటలు కావాలంటుంది, అమెరికా 3 గంటలతో సరిపెట్టుకుంటుంది. నెలల తరబడి నిల్వ ఉంచాలనుకునేవారికి ఆ 3 గంటలు చాలవని నా అభిప్రాయం.

ఆక్సిజన్ దెబ్బను ఆపే యాంటీఆక్సిడెంట్‌ను ఇంధనం తాజాగా ఉన్నప్పుడే కలపాలి. పాడయ్యాక పోస్తే ఏర్పడిన జిగురు వెనక్కి పోదు. పాత సరుకును డీజిల్‌లో కలిపి వాడేద్దామనుకోవడం మరీ పొరపాటు: బయోడీజిల్‌లో కరిగి కనబడకుండా ఉన్న జిగురు డీజిల్ తగలగానే విడివడి, నేరుగా ఫ్యూయల్ ఫిల్టర్‌లో చేరుతుంది.