వాన లెక్కలో ఖాళీ గడి

సభకు నమస్కారం. కార్యదర్శిగారు నా గురించి చెప్పినదాంట్లో సగం తీసేయండి. పిల్లలకి డేటా సైన్స్ ఉద్యోగాల గురించి చెప్పమన్నారు. ఆ కబుర్లు నాకన్నా మీకే బాగా తెలుసు. నేను ఒక్క ఫంక్షన్ గురించే మాట్లాడతాను. మ్యాక్స్, అంటే ఇచ్చిన అంకెల్లో పెద్దది ఏదో చెప్పేది. నవ్వకండి.

2015 డిసెంబరులో చెన్నైలో ఉన్నవాళ్లకి ఆ వాన గురించి చెప్పక్కర్లేదు. రెండో తేదీ ఉదయానికి 24 గంటల్లో తాంబరంలో 49 సెంటీమీటర్లు, చెంబరంబాక్కంలో 47. ఇలాంటి లెక్కలు అడ్డవరుసకో రోజు, నిలువువరుసకో వాన కొలిచే కేంద్రం చొప్పున నంపై (పైథాన్‌లో లెక్కల లైబ్రరీ) అర్రేలో, అంటే అంకెల పట్టికలో పోసి మ్యాక్స్ అడిగితే ఒక్క అంకె వస్తుంది. ఎక్కడ, ఎప్పుడు అన్నది చెప్పదు. దానికి ఆర్గ్‌మ్యాక్స్ ఉంది. అది కూడా అర్రేనంతా ఒకే వరుసగా పరిచి ఎన్నోదో చెబుతుంది. ఏ రోజు, ఏ కేంద్రం అని విడివిడిగా కావాలంటే అన్‌రావెల్ ఇండెక్స్ వాడాలి. ఇది పుస్తకాల్లో ఉన్నదే, వదిలేద్దాం.

అసలు నా బాధ వేరు. నేను పనిచేసిన ఒక ఆఫీసులో (పేరు అనవసరం) ఒక కుర్రాడు ఇలాగే వాన లెక్కలు కట్టాడు. ఒక కేంద్రం వరుస, మిల్లీమీటర్లలో, ఇలా ఉంది: 61, 118, ఖాళీ, ఖాళీ, 40. వాన ముదిరిన రెండు రోజులూ వాన కొలిచే గేజి నీళ్లలో మునిగింది! ఖాళీ గడి అంటే నంపైలో నాన్, 'నాట్ ఎ నంబర్', అంకె కాదు అని. ఒక్క నాన్ ఉన్నా నంపై మ్యాక్స్ నాన్ అనే జవాబిస్తుంది. ఆర్గ్‌మ్యాక్స్ ఆ మొదటి ఖాళీ ఎక్కడుందో చూపిస్తుంది. అంటే ప్రోగ్రాం సరిగ్గానే చెప్పింది, 'ఇక్కడ తెలియదు' అని. పెద్దాయన మాత్రం, "ప్రోగ్రాం తప్పు, సున్నాలు పెట్టెయ్యవయ్యా" అన్నారు. పెట్టేశాడు. రిపోర్టులో పెద్ద వాన వేరే ఊరికి పోయింది. ఆ అంకె మీదే కాలువ వెడల్పు లెక్కకట్టారు. ఏం చెప్పమంటారు?

వాన ఎక్కువైన రోజే గేజి పాడవుతుంది. అర్థమవుతోందా, వెనకాల వాళ్లకి? పోయిన అంకే పెద్ద అంకె కావచ్చు!

నాన్‌మ్యాక్స్ ఉంది కదా అంటారు. ఉంది. ఖాళీలు దాటేసి 118 చేతిలో పెడుతుంది. మ్యాట్‌ల్యాబ్ అనే ఇంకో లెక్కల సాఫ్ట్‌వేర్‌లో మ్యాక్స్ అయితే ఎవరూ అడక్కుండానే దాటేస్తుంది. వాడండి, కాదనను. కానీ పక్కన, నాన్‌లని గుర్తుపట్టే ఇస్‌నాన్‌తో లెక్కపెట్టి, ఎన్ని గడులు ఖాళీయో, ఏ తేదీలవో కూడా రాయండి. పైవాళ్లు విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి.

చీటీ అందింది కార్యదర్శిగారూ, ఒక్క నిమిషం. మొదటి పది పెద్ద అంకెలు కావాలంటే మొత్తం సార్ట్ చెయ్యక్కర్లేదు, పెద్దవాటిని ఒక పక్కకి చేర్చి అవి ఎన్నోవో చెప్పే ఆర్గ్‌పార్టిషన్ చాలు. ఆ పదీ వరుసక్రమంలో ఉండవు, విడిగా సార్ట్ చేసుకోవాలి. నంపై నాన్‌లని అన్నిటికన్నా చివర, పెద్ద అంకెల వైపు నెడుతుంది. అందుకని మీ పదిలో ముందు ఖాళీలే వచ్చి కూర్చుంటాయి. అవి ఏ తేదీలవో రాసుకున్నాకే తీసేయండి.