అంబాసిడర్ హెడ్ లైట్లు మసకబారాయా? బల్బు మార్చే ముందు ఈ పరీక్ష చెయ్యండి

[తెర మీద: చీకటి పడుతున్న కాలువ గట్టు రోడ్డు. పాత అంబాసిడర్ దీపాలు వెలుగుతున్నాయి. నాలుగడుగుల అవతల రోడ్డు కనిపించడం లేదు.]

నమస్కారమండి. కోనసీమలో రాత్రిపూట బండి తోలేవాళ్లకి హెడ్ లైటు విలువ ఒకరు చెప్పక్కర్లేదు. ఒక పక్క కాలువ, ఇంకో పక్క చేను, మధ్యలో సన్నటి రోడ్డు. సార్వా కోతలప్పుడైతే సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి, చుట్టూ రాళ్లు పెట్టి ఉంటారు. వెనక లైటు లేని ట్రాక్టరు ఎక్కడ ఆగి ఉంటుందో తెలీదు. ఇలాంటి చోట బల్బులో తీగ ఎర్రగా కనిపిస్తే సరిపోదు, రోడ్డు కనిపించాలి.

దీపాలు మసకబారగానే చాలామంది చేసే పని 100/90 వాట్ల (దూరం పడే హై బీమ్‌లో 100, దగ్గరికి పడే డిప్‌లో 90) బల్బు తెచ్చి బిగించడం. దయచేసి అది చెయ్యకండి. మామూలు 60/55 వాట్ల బల్బులు రెండూ కలిసి డిప్‌లో తొమ్మిది ఆంపియర్లకి పైగా లాగుతాయి. 100 వాట్లవైతే హై బీమ్‌లో పదహారు దాటుతుంది. అదంతా పాత స్విచ్చిలోంచి, పాత వైర్లలోంచి వెళ్లాలి. పైగా ఈ బండ్లలో చాలావాటికి హెడ్ లైట్లకి విడిగా ఫ్యూజు కూడా ఉండదు. డాష్ బోర్డు వెనక వైరు కాలిన వాసన వచ్చేది ఇలాగే.

అసలు సంగతేమిటో మన కాలువల లెక్కలో చూద్దాం. కాలువ మొదట్లో గేట్లుండే హెడ్ రెగ్యులేటర్ దగ్గర నీళ్లు నిండుగా ఉన్నా, దారిలో గుర్రపుడెక్క పేరుకుంటే శివారు చేనుకి నీరందదు. వచ్చిన నీరు బయటికి పోయే మురుగు కాలువ పూడినా చేను పాడే. బ్యాటరీ దగ్గర కరెంటు నిండుగానే ఉంటుంది. బల్బు శివారున ఉంది. వచ్చే దారిలో అడ్డమా, పోయే దారిలో అడ్డమా అన్నదే మనం కనిపెట్టాలి.

[తెర మీద: మల్టీమీటర్, డీసీ 20 వోల్టుల దగ్గర.]

కావలసింది ఈ మీటరు ఒక్కటే. బాబాయ్ గారూ, స్టార్ట్ చేసి రేసు కొంచెం పెంచి ఉంచండి. పాత బండ్లలో ఉండేది డైనమో. ఐడ్లింగ్‌లో అది చాలినంత ఛార్జింగ్ ఇవ్వదు. రేసు పెంచితే వెలుగు పెరిగి, వదిలేస్తే తగ్గుతుంటే ముందు ఛార్జింగ్, బ్యాటరీ చూసుకోవాలి. రేసు ఇచ్చినా మసకగానే ఉంటే వైరింగు మీద పడదాం.

ఇప్పుడు డిప్ వెయ్యండి. దీపాలు వెలుగుతుండగానే కొలవాలి, ఇది చాలా ముఖ్యం. దీపం ఆర్పేసి కొలిస్తే ఒక్క పోగు మీద వేలాడుతున్న వైరు కూడా పూర్తి వోల్టేజీ చూపిస్తుంది. లోడు పడ్డప్పుడే దాని బలహీనత బయటపడుతుంది.

[తెర మీద: మీటరు రీడింగులు.]

బ్యాటరీ దగ్గర 13.4. బల్బు హోల్డరు వెనక, డిప్ పిన్నుకీ ఎర్త్ (కరెంటు బాడీ మీదుగా బ్యాటరీకి తిరిగెళ్లే దారి) పిన్నుకీ మధ్య 11.1. దారిలో 2.3 వోల్టులు పోయాయి. ఇంతేగా అనుకోకండి. ఫిలమెంటు బల్బులో వోల్టేజీ పది శాతం తగ్గితే వెలుగు ముప్పై శాతం దాకా పడిపోతుంది. ఈ బండిలో వెలుగు దాదాపు సగమే మిగిలింది.

ఎటువైపు పోయిందో చూద్దాం. మీటరు ఒక కొస బ్యాటరీ ప్లస్‌కి, రెండోది బల్బు డిప్ పిన్నుకి: 1.4. ఇప్పుడు ఒక కొస బ్యాటరీ మైనస్‌కి, రెండోది బల్బు ఎర్త్ పిన్నుకి: 0.9. ఎర్త్ వైపు 0.2 దాటకూడదు. (కొన్ని పాత బండ్లలో బ్యాటరీ ప్లస్సే బాడీకి కలిపి ఉంటుంది. వాటిలో ఈ రెండు కొసలూ తారుమారు చేసుకోండి.)

నా మాట వింటే ముందు ఎర్త్ పట్టుకోండి. మన ప్రాంతంలో బండ్లకి మొదట దెబ్బ తగిలేది అక్కడే. అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పు గాలి, ఏడాది పొడవునా తేమ, గోదావరి వరదొస్తే లంక ఊళ్లలో చక్రాలు మునిగేదాకా నీళ్లు. రాగి మీద పచ్చటి చిలుము పట్టడానికి ఇంతకన్నా ఏం కావాలి? దానికి తోడు పెళ్లిళ్ల సీజనుకి ముందు బండికి పెయింటింగ్ చేయిస్తారు, ఎర్త్ బోల్టు కింద కూడా రంగు కొట్టేస్తారు. రంగులోంచి కరెంటు పారదు.

ఎర్త్ పోయిన బండికి కొన్ని గుర్తులున్నాయి. ఇండికేటర్ వేస్తే హెడ్ లైటు కూడా దాంతోపాటు కొట్టుకుంటుంది. డిప్‌లో ఉన్నా మీటర్ల దగ్గర నీలం హై బీమ్ దీపం సన్నగా వెలుగుతుంది. ఎర్త్ తెగిన బల్బులోని కరెంటు దాని రెండో ఫిలమెంటులోంచి హై బీమ్ వైరు పట్టుకుని, పక్క బల్బు మీదుగా దారి వెతుక్కుంటుంది. అందుకే ఆ దీపం వెలుగుతుంది. ఇది కనిపిస్తే మీటరు కూడా అక్కర్లేదు.

[తెర మీద: బ్యాటరీ నెగటివ్ విప్పడం, చేతి ఉంగరం తీయడం.]

పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ కేబుల్ విప్పండి, ఉంగరం తీసెయ్యండి. ఎర్త్ బోల్టు విప్పి, బాడీ మీద ఇనుము మెరిసేదాకా ఎమిరీ పేపరుతో రుద్దండి. కొత్త లగ్గు (వైరు కొసకి వేసే రింగు), స్టార్ వాషరు వేసి బిగించి, పైన పెట్రోలియం జెల్లీ రాయండి. బ్యాటరీ నుంచి బాడీకి, ఇంజను నుంచి బాడీకి వెళ్లే పట్టీలు కూడా ఇలాగే. రెండు హెడ్ లైట్ల ఎర్త్‌కీ కలిపి బ్యాటరీ దాకా ఒక మంచి వైరు విడిగా లాగితే ఇంకా నిశ్చింత.

ఇక వచ్చే దారి. బ్యాటరీ, సోలెనాయిడ్ (స్టార్టరుకి కరెంటు ఇచ్చే స్విచ్చి), ఆమ్మీటర్ (కరెంటు చూపే మీటరు), లైట్ స్విచ్చి, డిప్పరు (డిప్, హై బీమ్ మార్చే స్విచ్చి), బుల్లెట్ కనెక్టర్లు (వైర్లని కలిపే గుండు పిన్నులు), బల్బు. ఒక్కో మెట్టూ మీటరుతో దాటండి. ఎక్కడ నష్టం ఒక్కసారిగా పెరిగిందో అక్కడే దొంగ. పాత బండ్లలో డిప్పరు కాలి దగ్గర మ్యాటు కింద ఉంటుంది. తడి కాళ్ల బురదంతా దాని మీదే. బుల్లెట్ కనెక్టర్ని తడితే దీపం పెరిగి తగ్గుతుంటే దాన్ని శుభ్రం చెయ్యడం దండగ, కొత్తది వేసెయ్యండి.

అంబాసిడర్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నుంచి వచ్చిన బండి, అందుకే చాలావరకు లూకాస్ రంగులే కనిపిస్తాయి. బ్రౌన్ ఎప్పుడూ కరెంటుండే వైరు. నీలం లైట్ స్విచ్చి నుంచి డిప్పరుకి. నీలం మీద తెల్ల గీత హై బీమ్, ఎర్ర గీత డిప్. నలుపు ఎర్త్. ప్రీమియర్ పద్మిని కారు ఫియట్ సంతతి, దానికి ఈ రంగుల లెక్క పట్టదు. చేతులు మారిన బండిలో రంగుని గుడ్డిగా నమ్మకండి, మీటరు చెప్పిందే నిజం.

[తెర మీద: తొడుగు ఒలిచిన వైరు, లోపల నల్లబడ్డ రాగి.]

ఇది చూడండి. పైకి బాగానే ఉంది, లోపల రాగి నల్లబడింది. తడి వైరు లోపలికి పాకితే ఇలా అవుతుంది. దీనికి సోల్డరింగ్ అంటుకోదు. అంగుళం వెనక్కి కత్తిరించినా నలుపే వస్తుంటే ఆ వైరు మొత్తం మార్చాలి. గుడ్డ తొడుగున్న వైర్లు వంచగానే పెళుసుగా రాలుతుంటే, లేదా ఎలుకలు కొరికి ఉంటే టేపు చుట్టి సరిపెట్టకండి. మొత్తం హార్నెస్ (వైర్ల కట్ట) మార్పించండి. డబ్బు అవుతుంది, నాకు తెలుసు. కానీ ఆ వైర్లు పెట్రోలు పైపు పక్కనుంచే వెళ్తున్నాయి.

దారి బాగుపడ్డాక రిలేలు (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్, ఆఫ్ చేసే స్విచ్చిలు) పెట్టించుకోండి. డిప్‌కొకటి, హై బీమ్‌కొకటి. పాత స్విచ్చి ఇకమీదట రిలేని మీటడానికి చిన్న కరెంటు మాత్రమే మోస్తుంది, అసలు లోడు బ్యాటరీ నుంచి నేరుగా బల్బుకి వెళ్తుంది. 30 నంబరు పిన్నుకి బ్యాటరీ నుంచి వైరు, మధ్యలో బ్యాటరీకి దగ్గరగా ఫ్యూజు. 87 నుంచి దీపాలకి. 85, 86లో ఒకటి పాత హెడ్ లైట్ వైరుకి, రెండోది ఎర్త్‌కి. బ్యాటరీ నుంచి వచ్చే వైరు 4 చదరపు మిల్లీమీటర్లు, దీపాలకి వెళ్లేది 2.5 వేస్తే హాయిగా మోస్తుంది. రిలే పిన్నులు నేలవైపు చూసేలా బిగించండి, లేకపోతే మన వానలకి నీళ్లు లోపల నిలుస్తాయి.

[తెర మీద: మీటరు. బల్బు దగ్గర 13.0.]

బల్బు పాతదే, మార్చలేదు. వోల్టేజీ ఇలా సరిగ్గా అందుతున్నా వెలుగు రాకపోతే డోమ్ (బల్బు వెనకుండే మెరుపు గిన్నె) లోపల చూడండి. మెరుపు పోయి గోధుమ రంగుకి తిరిగి ఉంటుంది. దాన్ని గుడ్డతో రుద్దితే ఉన్న పూత కూడా ఊడుతుంది. ఇవి 7 అంగుళాల గుండ్రటి డోములు, దొరకడం కష్టం కాదు, మార్చేయండి. ఫిలమెంటు బల్బు కోసం చేసిన డోములో ఎల్ఈడీ బల్బు పెడితే వెలుగు చెదిరి ఎదుటివాళ్ల కళ్లలో పడుతుంది. గట్టు మీద ఎదురొచ్చే మోటారు సైకిలతను తప్పుకోవడానికి కాలువ తప్ప చోటుండదు, అది గుర్తుంచుకోండి.

చివరిగా దీపాల అలైన్‌మెంట్. చదును నేల మీద గోడకి 25 అడుగుల దూరంలో బండి ఆపండి. హెడ్ లైటు నడిమి ఎత్తుని గోడ మీద సుద్దతో గీసుకోండి. డిప్ వేస్తే వెలుగు అంచు ఆ గీతకి రెండు మూడు అంగుళాలు కిందికి రావాలి, ఎడమవైపు మాత్రం కాస్త పైకి లేవొచ్చు. రింగు విప్పితే పైన, పక్కన స్క్రూలు కనిపిస్తాయి, వాటితో సర్దండి. వెనక సీట్లో ఇద్దర్ని కూర్చోబెట్టి మళ్లీ ఒకసారి చూడండి. వెనక బరువు పడితే ముందు లేస్తుంది, పెళ్లికి వెళ్లేటప్పుడు ఈ బండ్లు ఖాళీగా వెళ్లవు కదా.