మొహమాటానికి నంబరు చీటీ: తిరుపతి మిద్దె మీద ఇంటి సోడాల పోటీ

షాట్: తిరుపతిలో ఒక ఇంటి మిద్దె. ఎండ తగ్గిన సాయంత్రం. చాప మీద వరుసగా గాజు గ్లాసులు, ఒక్కో గ్లాసు పక్కన ఒక నంబరు చీటీ. వెనక శేషాచలం కొండలు.

వాయిస్: ఇంట్లో చేసిన అల్లం సోడా ఒక గ్లాసు పోసి మీ స్నేహితుడి చేతిలో పెట్టండి. ఎలా ఉందని అడగండి. "సూపర్‌గా ఉంది బ్బా" అంటాడు. గ్లాసులో సగం సోడా మాత్రం అట్లే మిగిలిపోతుంది. తీపి ఎక్కువైందా, అల్లం ఘాటు గొంతుకు పట్టిందా, గ్యాస్ చాలలేదా, మీకు ఎప్పటికీ తెలియదు. పోసిచ్చినవాళ్ల ముఖం మీదే బాగాలేదని చెప్పడం మనకు చేతకాదు. అందుకే ఏళ్ల తరబడి చేస్తున్నా చాలామంది చేతి రుచి మొదలైన చోటే ఆగిపోతుంది.

ఇంట్లో బీరు కాచుకునే అమెరికా వాళ్లకూ ఇదే చిక్కు వచ్చింది. ఎవరు చేశారో తెలియకుండా తాగించి, తాగినవాళ్ల చేత ఉన్నదున్నట్టు రాయించుకోవడం మొదలుపెట్టారు. పోటీ, బహుమతి అన్నవి దాని పైపై హంగులే. ఆ పద్ధతినే తిరుపతిలో మేం కొందరం కలిసి మన సోడాలకు, అంబలికి పెట్టుకున్నాం. ఎట్లా నడుస్తుందో చూద్దాం రండి.

తెర మీద: ముందు చట్టం సంగతి

వాయిస్: బీరు అనగానే మీకొచ్చే అనుమానం నాకు తెలుసు. ఆంధ్రప్రదేశ్‌లో లైసెన్సు లేకుండా బీరు, వైను, సారా ఏది తయారుచేసినా నేరమే. 1968 నాటి ఎక్సైజ్ చట్టం ఉంది, 1995 నాటి మద్యనిషేధ చట్టం ఉంది. ఇంట్లో వాడుకోవడానికే కదా అంటే కుదరదు. కాబట్టి ఈ వీడియోలో బీరు తయారీ లేదు. మేం తెచ్చుకునేవి అల్లం సోడా, నన్నారి సోడా, కొంబుచా అనే పులియబెట్టిన టీ, మామిడి సోడా, రాగి అంబలి.

ఇంకో మాట కూడా చెప్పాలి. పులిసిన ఏ పానీయంలోనైనా ఇసుమంత ఆల్కహాల్ పుడుతుంది. ఈస్టు చక్కెరను తిని గ్యాస్‌తో పాటు వదిలేది దాన్నే. బయట పెట్టే కొద్దీ అది పెరుగుతుంది. అందుకే తక్కువ కాలం పులియబెట్టి, గ్యాస్ పట్టగానే ఫ్రిజ్‌లో పెట్టేస్తాం. పిల్లలకు, గర్భిణులకు, ఒక్క చుక్క కూడా వద్దనుకునేవాళ్లకు ఈ సంగతి ముందే చెప్పి, వాళ్లకు మామూలు నన్నారి షర్బత్ ఇస్తాం. కొండ మీదికి మాత్రం ఈ సీసాలు తీసుకుపోవద్దు. ప్లాస్టిక్ సీసాలకు తిరుమలలో ఎలాగూ నిషేధం. పైగా నురగొస్తున్న సీసా ఏమిటో అలిపిరి తనిఖీలో విడమరిచి చెప్పడం మీకూ ఇబ్బంది, వాళ్లకూ ఇబ్బంది.

షాట్: అమెరికా పటం. లాస్ ఏంజెలిస్, బౌల్డర్ దగ్గర చుక్కలు.

వాయిస్: అమెరికాలో ఇంటి బీరు క్లబ్బుల్లో అన్నిటికంటే పాతదిగా చెప్పుకునేది లాస్ ఏంజెలిస్‌లోని మాల్టోస్ ఫాల్కన్స్. 1974లో మొదలైంది. ఆ ఏడాదికి ఇంట్లో బీరు కాయడం అక్కడా చట్టవిరుద్ధమే! 1978 అక్టోబరులో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకం పెడితే, 1979 ఫిబ్రవరి 1 నుంచి ఫెడరల్ చట్టం ఒప్పుకుంది. పెద్దవాళ్లు ఒక్కరే ఉన్న ఇంటికి ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరూ అంతకు మించీ ఉంటే 200. మన లెక్కలో సుమారు 378, 757 లీటర్లు. అమ్మడానికి వీల్లేదు. పోటీలకు, రుచి చూసే సమావేశాలకు మాత్రం ఇంటి నుంచి బయటికి తీసుకుపోవచ్చని నిబంధనల్లోనే రాశారు. అంటే ప్రభుత్వం కూడా దీన్ని నలుగురూ కలిసి చేసుకునే పనిగానే చూసింది.

1978లోనే చార్లీ పపాజియన్, చార్లీ మాట్జెన్ కలిసి కొలరాడోలోని బౌల్డర్‌లో అమెరికన్ హోమ్‌బ్రూయర్స్ అసోసియేషన్ పెట్టారు. మరుసటేడు జాతీయ పోటీ మొదలైంది. పోటీలు పెరిగేసరికి జడ్జిలకే పరీక్ష పెట్టే బీర్ జడ్జ్ సర్టిఫికేషన్ ప్రోగ్రామ్ 1985లో వచ్చింది. వాళ్ల మార్కుల కాగితాన్నే మేం ఎత్తుకొచ్చుకున్నాం.

తెర మీద: మొత్తం 50. వాసన 12, చూపు 3, రుచి 20, నోటికి తగిలే తీరు 5, మొత్తం మీద 10

వాయిస్: చూపుకు మూడే మార్కులు. నాకు ఈ కాగితంలో బాగా నచ్చింది అదే. పెళ్లి భోజనంలో రంగు చూసి మోసపోయినవాళ్లందరూ ఈ మూడుకు ఓటేస్తారు. వాసనకు పన్నెండు ఎందుకంటే, మనం రుచి అనుకునే దాంట్లో చాలా భాగం ముక్కు చెప్పేదే. జలుబు చేసినప్పుడు పులుసు చప్పగా ఉండటం అందుకే. ఆ కాగితం ప్రకారం 45, ఆపైన వస్తే అద్భుతం, 38 నుంచి 44 చాలా గొప్పది, 30 నుంచి 37 చాలా బాగుంది, 21 నుంచి 29 బాగుంది. 13, అంతకంటే తక్కువ వస్తే ఎక్కడో గట్టి లోపం ఉన్నట్టు.

షాట్: ఒకావిడ మెట్ల పక్క గదిలో సీసాల్లోంచి గ్లాసుల్లోకి పోస్తూ, నంబర్లు సరిచూసుకుంటూ. జడ్జిలు అటు చూడకుండా మిద్దె ఇంకో చివర కూర్చుని ఉన్నారు.

వాయిస్: సీసాల మీద పేరు, లేబులు, రంగు మూత ఏమీ ఉండకూడదు. పోసేవాళ్లు వేరు, మార్కులేసేవాళ్లు వేరు. పోసేవాళ్ల దగ్గర మాత్రమే ఏ నంబరు ఎవరిదో రాసిన చిట్టా ఉంటుంది, అది చివరిదాకా బయటికి రాదు. మీ సోడా ఉన్న వరుసకు మీరు జడ్జి కాలేరు. ఒక్కో గ్లాసుకు కనీసం ఇద్దరు జడ్జిలు. ముందు రాయాలి, తర్వాతే నోరు తెరవాలి. ఈ చివరి నియమం తప్పితే అంతా వృథా. ఎందుకంటే, మొదటి ఆయన "అబ్బ, బాగుంది కదా" అన్నాడంటే రెండో ఆయన పెన్ను కూడా అటే పోతుంది. రాసిన తర్వాత ఇద్దరి మార్కులకూ మధ్య ఏడుకు మించి తేడా ఉంటే, మళ్లీ ఒక గుటక తాగి, మాట్లాడుకుని దగ్గరికి తెచ్చుకుంటారు. చాలా పోటీల్లో నడిచే పద్ధతి ఇది.

స్టీలు గ్లాసులు వద్దు, రంగు కనబడదు. ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే పోయొద్దు. బాగా చల్లగా ఉంటే వాసన పైకి రాదు, పది నిమిషాలు బయట పెట్టాలి. తీపి, మెత్తని రుచులు ముందు, పులుపు, ఘాటు చివర. బీరు జడ్జిలు గ్లాసుకూ గ్లాసుకూ మధ్య ఉప్పులేని బ్రెడ్డు తింటారు. మనకు బొరుగులున్నాయి. ఉప్పు, కారం, నూనె ఏదీ తగలని ఒట్టి బొరుగులు, మంచినీళ్లు. మిరపకాయ బజ్జీలు తెచ్చేవాళ్లు తప్పక ఉంటారు, ఉండాలి కూడా. కానీ ఆ పొట్లం ఫలితాలు చదివేదాకా విప్పకూడదు. సెంటు కొట్టుకుని రావద్దు. జడలో మల్లెపూలున్న అక్కలు జడ్జింగ్ అయ్యేదాకా వాటిని తీసి లోపల పెడితే ఒక పుణ్యం. సందెవేళ కాబట్టి కింద ఇంట్లో అగరుబత్తి వెలుగుతుంది. గాలి అటు నుంచి వీస్తుంటే చాపను ఇంకో మూలకు జరపడమే, పూజ ఆపమని ఎవరం చెప్పగలం?

షాట్: ఒక మార్కుల కాగితం దగ్గరగా. పెన్ను కదులుతూ ఉంటుంది.

వాయిస్: నంబరు 7. నన్నారి సోడా. కాగితంలో ఇట్లా ఉంది.

తెర మీద: వాసన 8. గ్లాసు ముక్కు దగ్గర పెట్టగానే నన్నారి తెలిసింది. వెంటనే పచ్చి పిండి వాసన.
చూపు 3. తేటగా ఉంది, మంచి తేనెరంగు.
రుచి 11. మొదటి గుటక తీపి, ఆ తర్వాత ఏమీ లేదు. పులుపు తక్కువ.
నోటికి తగిలే తీరు 2. గ్యాస్ నాలుక మీద నిలవలేదు.
మొత్తం మీద 5. నన్నారి మంచిది, సోడా ఇంకా కాలేదు. సీసా మూత మార్చండి. పోసేముందు అడుగు మడ్డి కదపొద్దు. లీటరుకు ఒక నిమ్మకాయ పిండి చూడండి.

వాయిస్: మొత్తం 29. ఇంకొక్కటి వస్తే పై మెట్టు. కానీ ఆ అంకె కంటే కింద రాసిన మూడు వాక్యాలు చూడండి. పిండి వాసన ఈస్టు మడ్డిది, అది సీసా అడుగున పేరుకుంటుంది. గ్యాస్ నిలవలేదంటే మూత దగ్గర కారిపోతోందన్నమాట. తీపి తర్వాత ఏమీ లేదంటే పులుపు కావాలి. "సూపర్" అన్న స్నేహితుడు ఈ మూడింటిలో ఒక్కటైనా చెప్పి ఉండేవాడా? కాగితం నింపింది కూడా బహుశా అతనే. నంబరు చీటీ అతని మొహమాటాన్ని తీసేసింది, అంతే.

జడ్జికి మాటలు కావాలి. బీరు వాళ్లు వెన్న వాసనకు డయాసెటిల్ అని, పచ్చి ఆపిల్ వాసనకు అసిటాల్డిహైడ్ అని, ఉడికిన మొక్కజొన్న వాసన వస్తే డీఎంఎస్ అని పేర్లు పెట్టుకున్నారు. మనకు అన్ని రసాయనాలు అక్కర్లేదు. వెనిగర్ ఘాటు, కుళ్లిన గుడ్డు, నెయిల్ పాలిష్, తడిసిన గోనె సంచి, మాగిన పనస అని రాస్తే చాలు, చేసినవాళ్లకు వెంటనే అర్థమవుతుంది. "ఏదోలా ఉంది" అని రాసినవాళ్ల కాగితం మాత్రం వెనక్కి ఇచ్చేస్తాం.

తెర మీద: ఒకే సరుకు పోటీ

వాయిస్: అన్నిటికంటే సందడిగా నడిచేది ఇదే. బీరు క్లబ్బుల్లో ఒకే కాచిన మాల్టు (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) నీళ్లను పంచుకుని, ఒక్కొక్కరు ఒక్కో ఈస్టు వేసి తెస్తారు. మేం చిత్తూరు బెల్లం ఒకే దిమ్మ కొని ముక్కలు చేసి పంచుకుంటాం. జూన్, జూలైలో అయితే తోతాపురి గుజ్జు. చిత్తూరు చుట్టుపక్కల గుజ్జు ఫ్యాక్టరీలు తీసుకునే కాయ అదే, పులుపు నిలిచే రకం, సోడాకు చక్కగా పనికొస్తుంది. సరుకు ఒకటే కాబట్టి "నాకు మంచి మామిడి దొరకలేదు" అన్న సాకు ఎవరికీ ఉండదు. తేడా అంతా చేతిదే.

చెయ్యడం కష్టమేమీ కాదు. తొక్కతోనే తురిమిన అల్లం, చక్కెర రోజుకో చెంచా చొప్పున నీళ్లలో వేస్తూ పోతే మన ఎండలకు రెండు మూడు రోజుల్లో బుడగలొస్తాయి. అదే జింజర్ బగ్. దాన్ని వడకట్టి అరకప్పు తీసి, లీటరు చల్లారిన బెల్లం నీళ్లలో కలిపి, పైన కాస్త ఖాళీ వదిలి ప్లాస్టిక్ సీసాలో బిగించాలి. ప్లాస్టిక్కే ఎందుకంటే, వేలితో నొక్కితే గ్యాస్ ఎంత పట్టిందో తెలుస్తుంది. సీసా రాయిలా గట్టిపడితే వెంటనే ఫ్రిజ్‌లోకి. మే నెలలో పొద్దున బిగించింది రాత్రికే సిద్ధం కావొచ్చు. మామూలు గాజు సీసాలో ఈ పని చేస్తే అది పగులుతుంది, గాజు ముక్కలు దూరంగా ఎగురుతాయి. పులుపు తగిలే దేనికీ రాగి, ఇత్తడి పాత్రలు వాడొద్దు. బూజు కనిపిస్తే రుచి చూసే ప్రశ్నే లేదు, పారబోయడమే. కొంబుచా అయితే పులుపు కొలిచే పీహెచ్ కాగితంతో చూసి, 4 కంటే పైన ఉంటే పోటీలోకి తీసుకోం.

షాట్: మట్టిపిడతలో రాగి అంబలి. పైన తరిగిన ఉల్లిపాయ, పక్కన పచ్చిమిరపకాయ.

వాయిస్: అంబలికి వేరే వరుస. అంబలి తెచ్చేవాళ్లలో పెద్దవాళ్లే ఎక్కువ. "అంబలికి మార్కులేంది నైనా, ఆకలైతే తాగేది కదా" అని ఒక పెద్దమ్మ నవ్వింది. నిజమే. కానీ రాత్రి నానబెట్టిన పిండి ఎంత పులవాలి, ఉడికించేటప్పుడు ఉండ కట్టకుండా ఎట్లా తిప్పాలి, మజ్జిగ ఎప్పుడు కలపాలి అని అడిగితే, చుట్టూ కూర్చున్న కుర్రాళ్లు ఫోన్లు పక్కన పెట్టి వింటారు. నోటికి తగిలే తీరు అన్న ఐదు మార్కులు అసలు అంబలి కోసమే పుట్టాయేమో అనిపిస్తుంది.

వరుసల్లో మొదట వచ్చినవాటిని చివర్లో పక్కపక్కన పెడతాం. ఇక్కడ మార్కులుండవు. జడ్జిలు మాట్లాడుకుంటూ ఒక్కో గ్లాసునూ పక్కకు జరుపుతారు, చివరికి మిగిలిందే విజేత. గొడవ జరిగేది ఇక్కడే, చూడటానికి అదొక సినిమా. అప్పుడు చిట్టా విప్పి పేర్లు చదువుతారు, బజ్జీల పొట్లమూ విప్పుతారు. బహుమతి నన్నారి సీసానో, వంటింటి కాటానో. గెలిచినవాళ్లకు రెండు షరతులు: ఎట్లా చేశారో దాచకుండా చెప్పాలి, స్కోబీ (కొంబుచాను పులియబెట్టే పొర) గానీ జింజర్ బగ్ గానీ అడిగినవాళ్లకు కొంచెం పంచాలి. వచ్చేసారి మిద్దె కూడా వాళ్లదే.

మిగిలిన సీసాలను బండి మీద ఇంటికి తీసుకుపోయేవాళ్లు ముందు మూత ఒకసారి వదులు చేసి గ్యాస్ వదలండి, ఐస్ పెట్టెలో పెట్టుకోండి. సీసా మీద తేదీ రాయండి. మార్కుల కాగితం తెలుగులో తయారుచేసి వీడియో కింద ఇచ్చాం, ప్రింట్ తీసుకోవచ్చు. వాసన గడి మాత్రం కావాలనే పెద్దది చేశాం, అందరూ ఎక్కువగా రాసేది అక్కడే.