పాదం పెట్టకపోయినా నల్లబడింది! | డీటాక్స్ ప్యాడ్, విటమిన్ సి, పదివేల అడుగులు: నా రివ్యూ

నమస్తే అండీ. ముందు ఈ ప్యాడ్ చూడండి, కెమెరాకి దగ్గరగా పెడతా. నల్లగా, జిగురుగా, తారు పూసినట్టుంది కదా? వాసన మీకు రాదు కాబట్టి బతికిపోయారు, ఒకటే పొగ కంపు. రాత్రి పడుకునే ముందు దీన్ని అరికాలికి అంటించుకున్నా. అప్పుడు తెల్లగా, పెద్ద సైజు టీ బ్యాగ్‌లా ఉంది. పొద్దున లేచి పీకితే ఇదీ పరిస్థితి. ఈ నలుపంతా మీ ఒంట్లో పేరుకున్న విషాలేనట, రాత్రంతా అరికాలి గుండా ఈ ప్యాడ్ బయటికి లాగేసిందట. ప్యాకెట్ మీద అలా రాసుంది.

ఇలాంటి వీడియోలు చేసే నేను కూడా లేవగానే దీన్ని చూసి ఒక్క క్షణం హడలిపోయా. ఇంత చెత్త నాలో ఉందా అని.

ఇదిగో, ఇది రెండోది. అదే ప్యాకెట్‌లోది. ఇదీ నల్లగానే ఉంది, ఇదీ జిగురే, అదే కంపు. కాకపోతే దీన్ని నేను కాలికి పెట్టుకోలేదు. వేడినీళ్ళ గ్లాసు మీద మూతలా పెట్టి, పైన చిన్న ప్లేటు బోర్లించి వదిలేశా. మరి ఆ గ్లాసుకి ఏం విషాలున్నాయండీ?

అసలు సంగతి ఏంటంటే, ఈ ప్యాడ్లలో సాధారణంగా ఉండేది వుడ్ వినెగర్ పొడి. కలపనో వెదురునో కాల్చినప్పుడు వచ్చే పొగను చల్లారిస్తే ఒక ద్రవం దిగుతుంది, దాని నుంచి చేస్తారు. ఆ పొగ కంపు అక్కడిదే. తడి తగిలితే రంగు ముదురుతుంది. ఇక అరికాలు అంటారా, ఒంట్లో చెమట గ్రంథులు బాగా దట్టంగా ఉండే చోట్లలో అదొకటి. దానికి ప్లాస్టర్ వేసి రాత్రంతా మూసేస్తే తడి రాక ఏమొస్తుంది? ఇలాంటి ప్యాడ్లు అమ్మిన వాళ్ళ మీద 2009లోనే అమెరికాలో తప్పుడు ప్రకటనల మీద చర్య తీసుకునే ప్రభుత్వ సంస్థ, ఫెడరల్ ట్రేడ్ కమిషన్, కేసు వేసింది, ప్రకటనల్లో చెప్పేదానికి ఆధారం లేదని.

విషాలు బయటికి పంపే పని మనలో ఎవరూ చేయట్లేదని కాదు. కిడ్నీలు రోజుకు దాదాపు 180 లీటర్లు వడపోస్తాయి. అందులో ఒకటి రెండు లీటర్లు మాత్రం బయటికి పంపి, మిగతాదంతా జాగ్రత్తగా వెనక్కి తీసుకుంటాయి. పనికిరానివాటిని విడగొట్టి, వదిలించుకోవడానికి వీలైన రూపంలోకి మార్చే పని లివర్ చూసుకుంటుంది. రాత్రి షిఫ్ట్ కూడా వాళ్ళదే. ప్యాడ్ అడగరు.

ఈ వీడియో మొత్తానికి నా పద్ధతి ఈ రెండో ప్యాడే. ఏ హెల్త్ టిప్ వచ్చినా ఒక్కటే అడుగుతా: ఇది పనిచేయకపోయినా మనకు ఇలాగే కనిపించేదా? రెండో ప్యాడ్ పెట్టి చూశారా లేదా?

అన్నట్టు, చేతికి ఈ స్టెప్స్ లెక్కపెట్టే వాచ్ ఉంది. ఇప్పుడు 2,114 చూపిస్తోంది. కాస్త గుర్తుపెట్టుకోండి, చివర్లో దీనితో పనుంది.

ఇక విటమిన్ సి. దీని దగ్గర కొంచెం ఆగుదాం, ఎందుకంటే ఇది ప్యాడ్ అంత తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. జలుబు మొదలవగానే గ్లాసులో మాత్ర వేసి, అది బుస్సుమని పొంగుతుంటే చూస్తూ తాగడం నాకు ఏళ్ళ తరబడి అలవాటు. నాలుగైదు రోజుల్లో తగ్గేది. చూశావా, మాత్ర పనిచేసింది అనుకునేదాన్ని. కానీ జలుబుకి మందు వేస్తే వారం, వేయకపోతే ఏడు రోజులు అన్న జోకు ఊరికే పుట్టలేదు కదా. మనం మాత్ర వేసుకునేది ముక్కు బాగా కారుతున్న రోజున. ఆ తర్వాత ఎలాగూ తగ్గుముఖమే. మాత్ర బదులు గోడకు దండం పెట్టినా తగ్గేది, ఆ క్రెడిట్ గోడ కొట్టేసేది.

ఈ నమ్మకం ఇంతగా పాకడానికి ఒక పెద్దాయన కారణం. లైనస్ పాలింగ్. రెండు నోబెల్ బహుమతులు తీసుకున్న మనిషి, 1954లో కెమిస్ట్రీకి, 1962కి గాను శాంతికి. ఆయన 1970లో విటమిన్ సి పెద్ద మోతాదులో తీసుకుంటే జలుబు రాదని పుస్తకమే రాశారు. అంత పెద్ద శాస్త్రవేత్త చెప్పాక కాదనేదెవరు? అయితే శాస్త్రంలో మనిషి పెద్దరికం చెల్లదు, రెండో ప్యాడ్ చెల్లుతుంది. ఆ పరీక్షలు తర్వాత చాలా జరిగాయి. కొందరికి విటమిన్ సి, కొందరికి అచ్చం అలాగే ఉండే ఉత్తుత్తి మాత్ర. అవన్నీ కలిపి, ఇలా వైద్య పరీక్షల్ని ఒకచోట చేర్చి సమీక్షించే కాక్రేన్ సంస్థ 2013లో తేల్చింది ఇదీ: రోజూ వేసుకున్నా మామూలు మనుషులకు జలుబు రావడం తగ్గలేదు. వచ్చిన జలుబు మాత్రం పెద్దవాళ్ళలో సుమారు 8 శాతం తొందరగా తగ్గింది. అంటే పది రోజుల జలుబులో ఒక రోజు కూడా పూర్తిగా కాదు. అదీ ముందు నుంచీ రోజూ వేసుకునేవాళ్ళకి. నాలాగా తుమ్ము వచ్చాక మాత్ర వెతుక్కునేవాళ్ళకి నమ్మకంగా ఏ లాభమూ కనిపించలేదు. మారథాన్ పరుగెత్తేవాళ్ళు, గడ్డకట్టే చలిలో పనిచేసే సైనికులు, వాళ్ళ సంగతి వేరు. వాళ్ళలో జలుబులు సగానికి తగ్గాయి.

కాబట్టి విటమిన్ సి కథలో నిజం ఉంది, చిటికెడు. దాన్ని బకెట్‌గా అమ్ముతున్నారు, అంతే. పోనీ వేసుకుంటే పోయేదేముంది అంటారా? రోజుకు 2,000 మిల్లీగ్రాములు దాటితే కడుపు పాడై విరేచనాలు పట్టుకోవచ్చు. కిడ్నీలో రాళ్ళ సమస్య ఉన్నవాళ్ళు అసలు డాక్టర్‌ని అడగకుండా మొదలుపెట్టకూడదు.

దగ్గుకి తేనె సంగతి చూద్దాం. ఇది ఉత్త పాతకాలపు మాటేలే అనుకుని చదవడం మొదలుపెట్టా, కానీ ఇది నిలబడింది. పిల్లలకు రాత్రి పడుకునే ముందు తేనె ఇచ్చి, ఏమీ ఇవ్వని పిల్లలతో పోల్చి చూసిన పరీక్షలున్నాయి. తేనె తీసుకున్నవాళ్ళకు దగ్గు తగ్గింది, నిద్ర మెరుగైంది. ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్తున్నా: ఏడాది లోపు పిల్లలకు తేనె చుక్క కూడా వద్దు. అందులో ఉండే ఒక బ్యాక్టీరియా స్పోర్స్ వల్ల పసిపిల్లలకు బాట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు.

పిల్లల మాట వచ్చింది కాబట్టి, స్వీట్లు తింటే పిల్లలు రెచ్చిపోతారన్నది కూడా చూద్దాం. నాకు బాగా నచ్చిన ప్రయోగం ఇది, 1994లో జరిగింది. మా అబ్బాయికి చక్కెర పడదు, తింటే ఆగడు అనే తల్లుల్ని పిలిచారు. పిల్లలందరికీ చక్కెర లేని డ్రింకే ఇచ్చారు. కానీ సగం మంది తల్లులకు మీవాడికి బాగా చక్కెర ఇచ్చాం అని చెప్పారు. ఆ తల్లులు ఏమన్నారంటే, చూశారా, వీడు ఎలా గంతులేస్తున్నాడో! అంతే కాదు, వాళ్ళు పిల్లాడికి మరీ దగ్గరగా కూర్చుని, ఎక్కువసార్లు తప్పులు పట్టారట. మనం చూసేదాన్ని మనం విన్నది ఎంత మార్చేస్తుందో చూడండి. పళ్ళు పుచ్చడానికీ బరువు పెరగడానికీ చక్కెరను తిట్టండి, నేనూ వస్తా. అల్లరి మాత్రం దాని ఖాతాలో వేయకండి.

కొన్ని చకచకా చెప్పేస్తా. రోజుకు ఎనిమిది గ్లాసుల నీళ్ళు: 1945లో అమెరికాలో వచ్చిన ఒక సిఫారసు ఇలాంటిదే. రోజుకు రెండున్నర లీటర్లు అన్నారు, ఆ పక్క వాక్యంలోనే ఇందులో ఎక్కువ భాగం తినే తిండిలోనే ఉంటుంది అనీ అన్నారు. ఆ రెండో వాక్యం ఎవరికీ గుర్తులేదు! దాహం వేస్తే తాగండి, ఎండలో ఎక్కువ తాగండి. గుండె, కిడ్నీ సమస్యలుంటే డాక్టర్ చెప్పిన లెక్క.

ఆల్కలైన్ వాటర్, అంటే ఒంట్లో యాసిడ్ తగ్గిస్తుందని అమ్మే క్షార గుణమున్న నీళ్ళు: పరీక్ష చుక్కలు వేస్తే నీళ్ళ రంగు మారుతుంది, చూడ్డానికి అద్భుతం. మన ప్యాడ్‌కి చుట్టమే అది. కడుపులోకి దిగగానే అక్కడ ఘాటైన యాసిడ్ ఉంది. రక్తం పీహెచ్, అంటే ఆమ్ల-క్షార కొలత, అయితే 7.35 నుంచి 7.45 మధ్య ఉండేలా ఊపిరితిత్తులూ కిడ్నీలూ కాపలా కాస్తాయి, మీరు ఏ నీళ్ళు తాగినా.

బ్లూ లైట్ కళ్ళద్దాలు, అదే స్క్రీన్ నుంచి వచ్చే నీలి కాంతిని ఆపుతాయని అమ్మేవి: నా దగ్గరా ఒకటుంది, ఫొటోల్లో బాగుంటుంది. కంటి అలసట తగ్గుతుందని మాత్రం 2023 కాక్రేన్ సమీక్షలో తేలలేదు. స్క్రీన్ చూస్తూ మనం రెప్ప వేయడం మర్చిపోతాం, కళ్ళు ఎండిపోయేది అందుకే. మధ్యమధ్యలో కిటికీలోంచి దూరంగా చూడండి, కళ్ళద్దాలు లేకుండానే.

వేళ్ళు విరిస్తే కీళ్ళవాతం వస్తుందన్న మాట చిన్నప్పుడు ఎన్నిసార్లు విన్నానో. డొనాల్డ్ అంగర్ అనే అమెరికా డాక్టర్ గారూ విన్నారు. ఆయన ఏం చేశారంటే, యాభై ఏళ్ళ పాటు ఎడమ చేతి వేళ్ళు మాత్రమే రోజుకు కనీసం రెండుసార్లు విరిచి, కుడి చేతిని ముట్టుకోలేదు. తన రెండో ప్యాడ్ తన కుడి చెయ్యే! 1998లో రాశారు, రెండు చేతుల్లోనూ కీళ్ళవాతం లేదని. 2009లో ఆయనకు ఇగ్ నోబెల్ ఇచ్చారు, ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకు ఇచ్చే సరదా బహుమతి. ఒక్క మనిషితో ఏదీ రుజువు కాదు, ఆ మాట నిజమే. కానీ ఓపిక అంటే అదీ.

చివరిగా పదివేల అడుగులు. ఈ నంబర్ వైద్యుల దగ్గర్నుంచి రాలేదు. 1965లో జపాన్‌లో ఒక పెడోమీటర్ అమ్మారు, పేరు మన్‌పొ-కెయ్. అంటే పదివేల అడుగుల మీటర్. పేరు బాగుంది, నంబర్ గుండ్రంగా ఉంది, లోకమంతా తిరిగింది. 2019లో సగటున 72 ఏళ్ళ వయసున్న దాదాపు 17 వేల మంది మహిళల్ని గమనించిన ఒక అధ్యయనం వచ్చింది. రోజుకు 2,700 అడుగులు వేసేవాళ్ళ కంటే 4,400 వేసేవాళ్ళలో మరణాలు 41 శాతం తక్కువ. 7,500 దాకా తగ్గుతూ వచ్చి, ఆ తర్వాత పెద్దగా తేడా లేదు. ఇక్కడా నా ప్రశ్న అడగాలి: ఆరోగ్యం బాగున్నవాళ్ళే ఎక్కువ నడిచారేమో? కొంత అయ్యుండొచ్చు, వాళ్ళు దాన్నీ లెక్కలోకి తీసుకోవడానికి ప్రయత్నించారు. నడక మంచిదన్నదాంట్లో అనుమానం లేదు. రాత్రి పదకొండున్నరకు 9,600 దగ్గర ఆగిపోయిందని మంచం చుట్టూ ప్రదక్షిణలు చేయక్కర్లేదు అంటున్నా. చేశాను కాబట్టే చెప్తున్నా.

సరే, వాచ్. మొదట్లో ఎంతుందన్నా? 2,114. ఇప్పటిదాకా ఈ కుర్చీలోంచి లేవలేదు, మీరే సాక్షి. చేతులు తిప్పుతూ మాట్లాడటం ఒక్కటే చేశా. ఇదిగో చూడండి... 2,397.