గంజి వార్చని పాస్తా

అందరికీ నమస్కారం అండి.

వేదిక మీద స్టవ్వు పెట్టుకుని మాట్లాడటం నాకిదే మొదటిసారి. అలాగని మరీ కొత్తేమీ కాదు. ముప్పై ఏళ్ళు హైస్కూల్లో సైన్సు చెప్పాను. అప్పుడు బల్ల మీద సారాదీపం, బీకరు ఉండేవి, ఇప్పుడు గ్యాసు స్టవ్వు, మూకుడు ఉన్నాయి. అప్పుడు తయారైంది నోట్లో పెట్టుకునేలా ఉండేది కాదు, అంతే తేడా.

వేసవి సెలవుల్లో పిల్లలకి ఏదైనా తేలికైన వంట చెప్పండి టీచరుగారూ అని గ్రంథాలయం వాళ్ళు అడిగితే, ఒకే మూకుట్లో పాస్తా చెప్తానన్నాను. కమిటీలో ఒక పెద్దాయనకి నచ్చలేదు. “కోనసీమలో పుట్టి పనసపొట్టు కూర చెప్పకుండా పాస్తా ఏవిటండీ?” అన్నారు. ఆయన ఇదిగో, రెండో వరసలోనే ఉన్నారు. బాబాయిగారూ, మీ మాట మర్చిపోలేదు. కానీ పనసపొట్టు కూరకి ముందు పొట్టు కొట్టేవాళ్ళు కావాలి, ఆవ పెట్టడం తెలియాలి. ఇక్కడ కూర్చున్న పిల్లల్లో చాలామంది వచ్చే ఏడాది ఈపాటికి హైదరాబాదులోనో బెంగళూరులోనో ఒక గదిలో ఉంటారు. ఆ గదిలో ఒక ఇండక్షన్ స్టవ్వు, ఒక గిన్నె, ఒక గరిటె. రాత్రి తొమ్మిదింటికి అలిసిపోయి వచ్చిన పిల్ల ఫోన్ తీసి ఆర్డరు పెట్టేలోపల, నాలుగు కూరగాయలు పడ్డ తిండి ఏదో ఒకటి తన చేత్తో చేసుకోగలగాలి. నేను చెప్పేది వాళ్ళకి.

మనది వరి దేశం. ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయిన దగ్గర్నించీ కాలవలు, వరి చేలు, మూడు పూటలా అన్నం. గోధుమంటే మా ఇంట్లో షుగరు వచ్చినవాళ్ళ తిండి. మా నాన్నగారికి రాత్రిపూట చపాతీలు మొదలుపెట్టిన రోజున మా అమ్మ పక్కింటావిడ దగ్గర కూర్చుని కళ్ళొత్తుకుంది. అలాంటి ఇంట్లోంచి వచ్చిన నాకు, గోధుమతో చేసే ఈ పాస్తా అర్థం కావడానికి చాలా రోజులే పట్టింది. చివరికి అన్నం వండినట్టు ఆలోచిస్తేనే అర్థమైంది.

అన్నం రెండు రకాలుగా వండుతాం కదండీ. ఎసట్లో నీళ్ళు ఎక్కువ పోసి, ఉడికాక గంజి వార్చడం ఒకటి. నీళ్ళు కొలిచి పోసి, ఆ నీళ్ళన్నీ బియ్యమే పీల్చుకునేలా అత్తెసరు పెట్టడం ఇంకోటి. ఇటలీవాళ్ళు మామూలుగా చేసేది మొదటిదే. వంద గ్రాముల పాస్తాకి లీటరు నీళ్ళు, పది గ్రాముల ఉప్పు, ఇదీ వాళ్ళ లెక్క. ఉడికాక వార్చేసి, పక్కన వేరే మూకుట్లో చేసి ఉంచుకున్న సాసులో కలుపుతారు. అంటే రెండు పొయ్యిలు, రెండు గిన్నెలు, పైన ఒక చిల్లుల గిన్నె. అవన్నీ మళ్ళీ తోముకోవాలి. మనం ఇవాళ చేస్తున్నది అత్తెసరు పాస్తా. అంతకు మించి ఇందులో రహస్యం లేదు.

మా చిన్నప్పుడు వార్చిన గంజి ఊరికే పోయేది కాదు. కుడితి తొట్లో పోస్తే గేదె తాగేది. కొంత తరవాణి కుండలోకి వెళ్ళేది. బండారులంక నేత చీరలు ఉతికాక ఆ గంజే పెట్టి ఆరేసేవాళ్ళు. ఇప్పుడు పెరట్లో గేదె లేదు, పాస్తా వార్చిన నీళ్ళు తిన్నగా సింకులోకి పోతున్నాయి. మనకి కావలసింది ఆ నీళ్ళలోనే ఉంది. పిండి రేణువులు చన్నీళ్ళలో కరగవు. నీళ్ళు అరవై డిగ్రీలు దాటే వేళకి అవి నీరు పీల్చి ఉబ్బడం మొదలుపెడతాయి. లోపలి పిండి కొంత బయటికి వచ్చి నీళ్ళు చిక్కబడతాయి. ఆ చిక్కదనమే నూనెని, నీళ్ళని విడిపోకుండా పట్టుకుంటుంది, ముక్కకి అంటుకుంటుంది. ఆత్రేయపురంలో చూసే ఉంటారు. బోర్లించిన కుండ కింద మంట, పల్చటి పిండి నీళ్ళలో ముంచిన గుడ్డ కుండ మీద ఒక్క లాగు లాగితే కంటికి ఆనని రేకు లేచి వస్తుంది. అది కూడా పిండి చేసే పనే. పూతరేకు తీసే సీమలో పుట్టి, పాస్తా సాసు చిక్కబడటానికి మైదా కలపడమేమిటి చెప్పండి?

సరే, మూకుడు వేడెక్కింది. మాట్లాడుతూనే చేస్తాను.

అడుగు మందంగా, మూతి వెడల్పుగా ఉండాలి. ఇనప మూకుడైతే టమాటా వెయ్యకండి, నల్లబడి ఇనుము రుచి తగులుతుంది. ఇందులో రెండు చెంచాల నూనె. ఆలివ్ నూనే కావాలని లేదు, నేను వేసింది వేరుశనగ నూనె. నాలుగు వెల్లుల్లి రెబ్బలు చితక్కొట్టి, ఒక ఉల్లిపాయ నిలువుగా తరిగి, రెండు ఎండుమిరపకాయలు తుంచి వేశాను. ఇప్పుడు గుప్పెడు బీన్సు, ఒక క్యారటు. కాసిని నీళ్ళు చిలకరించి మూత పెట్టాను. టమాటాలు ఇంకా వెయ్యలేదు, గమనించండి. చింతపండు పులుసు పోశాక ముక్క ఉడకదని మీ అమ్మలందరికీ తెలుసు. టమాటా పులుపుతోనూ అంతే, గట్టి ముక్కలు మెత్తబడటం ఆలస్యమవుతుంది. ముందు బీన్సు సగం ఉడకాలి, తర్వాతే టమాటా.

ఈలోగా ప్యాకెట్టు సంగతి. వెనక వైపు చూడండి, డ్యూరమ్ గోధుమ రవ్వ అని రాసి ఉండాలి. అది గట్టి గోధుమ, మాంసకృత్తులు ఎక్కువ, ఉడికినా చిట్లదు. ఇటలీలో 1967 నుంచీ చట్టం ప్రకారం ఎండు పాస్తా ఆ గోధుమతోనే చెయ్యాలి. సంతలో విడిగా చవగ్గా దొరికే మకరోనీలో మైదా ఉంటుంది. వార్చే పద్ధతిలో అయితే ఎలాగో నెట్టుకురావచ్చు, అత్తెసరుకి మాత్రం పనికిరాదు, అట్లపిండి అవుతుంది. ఇరవై రూపాయలు ఎక్కువైనా మంచిది కొనండి. నేను తెచ్చింది పెన్నె, కలం ములుకులా ఏటవాలుగా కోసినది. పావుకిలో. నలుగురికి సరిపోతుంది, మన పిల్లలైతే ముగ్గురికి.

బీన్సు రంగు తేలింది. నాలుగు టమాటాలు, పావుకిలో పెన్నె, ముప్పావు లీటరు మరిగే నీళ్ళు. చల్లటి నీళ్ళు పోస్తే మరిగేలోపు పెన్నె ఒకదానికొకటి అంటుకుంటుంది. ఉప్పు ఒక్క చిన్న చెంచా. ఉప్పు దగ్గర కాస్త ఆగుతాను, ఎందుకంటే దీని మీద నాకో అనుభవం ఉంది.

మా చిన్నమ్మాయి పెళ్ళయిన కొత్తల్లో అల్లుడుగారికి పాస్తా ఇష్టమని తెలిసింది. మన వైపు అల్లుడంటే సంగతి తెలుసుగా, ఇరవై రకాలు వడ్డించి, ఇంకేదో తక్కువైందేమోనని టెన్షన్ పడతాం. పాస్తా నీళ్ళు సముద్రమంత ఉప్పగా ఉండాలని ఎక్కడో విన్నాను. అంతర్వేది పక్క ఊళ్ళో పుట్టినదాన్ని, సముద్రం ఉప్పన నాకు తెలియకపోవడమేమిటని రెండు పెద్ద చెంచాలు వేశాను. ఆ లెక్క నీళ్ళు వార్చేవాళ్ళది. ఉప్పులో ఎక్కువ భాగం వార్చిన నీళ్ళతో పోతుంది. నేను పెట్టింది అత్తెసరు, నా ఉప్పు ఎక్కడికి పోతుంది? మూకుట్లోనే ఉంది, నీళ్ళు ఇగిరేకొద్దీ ఇంకా తేలింది. అల్లుడుగారు ప్లేటు ఖాళీ చేసి, “చాలా బాగుందండీ అత్తయ్యగారూ” అన్నారు. మూడు గ్లాసుల మంచినీళ్ళు తాగారు. నేను వంటింట్లోకి వెళ్ళి రుచి చూశాక మళ్ళీ బయటికి రాలేదు. ముప్పై ఏళ్ళు ద్రావణాల గాఢత పాఠం చెప్పినదాన్ని!

మూత తీసి కలుపుతున్నాను. అడుగునుంచి, రెండు నిమిషాలకోసారి. అన్నంలా వదిలెయ్యకూడదు, ఇందులో బయటికి వచ్చే గంజి అడుగుకి దిగి పట్టుకుంటుంది. కలిపితే మొత్తం పరుచుకుంటుంది. కొందరు అడుగంటించుకునే వండుతారు, అది వేరే సంగతి. ఇటలీకి దక్షిణాన బారీ అనే ఊళ్ళో పచ్చి స్పఘెట్టీని, అంటే సన్నటి పొడుగు పాస్తాని, నూనె మూకుట్లో వేసి, పల్చటి టమాటా నీళ్ళు గరిటెతో కొంచెం కొంచెం పోస్తూ అంచులు మాడేదాకా ఉడికిస్తారు. దాన్ని అస్సాసినా అంటారు, హంతకుల పద్ధతి అని. పాలగిన్నె గోకుడు కోసం కొట్టుకున్నవాళ్ళకి ఆ రుచి గురించి వేరే చెప్పక్కర్లేదు.

ఐదు నిమిషాలైంది. ఇప్పుడు లేత బీరకాయ. చెక్కు తీసి, వేలెడు మందాన ముక్కలు. ఇది ముందే వేస్తే కరిగిపోతుంది. బీరకాయ నీరు వదుల్తుంది కాబట్టి ఎసరులో ఒక అరగ్లాసు ముందే తగ్గించుకోవచ్చు, ఇవాళ నేను తగ్గించలేదు, మంట పెంచి సరిచేస్తాను. లంకల్లోంచి వచ్చే ఏ లేత కూరైనా సరే, సొరకాయ, క్యాప్సికం, మొక్కజొన్న గింజలు. వంకాయ బాగుంటుంది, సిసిలీలో పాస్తాకి వంకాయే పెద్ద పేరు, కాకపోతే విడిగా వేయించి చివర కలపాలి. బెండకాయ వద్దు. జిగురూ గంజీ కలిస్తే గరిటె నిలబడుతుంది. ములక్కాడ కూడా వద్దు, పాస్తా తింటూ పీచు ఉమ్మడం బాగుండదు.

ఆకుల దగ్గరికి వస్తే నేను కొంచెం ఎక్కువ మాట్లాడతాను, ఓర్చుకోండి. బేసిల్ కావాలి, ఒరెగానో కావాలి, ఇక్కడ ఎక్కడ దొరుకుతాయి టీచర్ అని పిల్లలు అడుగుతారు. ఎండాకాలం షర్బత్తులో వేసుకునే సబ్జా గింజలు ఉన్నాయే, అవి బేసిల్ గింజలే. మన వాళ్ళు రుద్రజడ అంటారు. నానబెట్టకుండా ఓ చిటికెడు కుండీలో చల్లి, పైన పల్చగా మట్టి జల్లి, తడి ఆరకుండా చూడండి. వారంలో మొలకలు వస్తాయి. మా డాబా మీద రెండు కుండీలున్నాయి. ఒకటి కడియం నర్సరీ నుంచి తెచ్చిన మొక్క, ఆకు వెడల్పు, తియ్యటి వాసన. రెండోది సబ్జా గింజలతో వచ్చింది, ఆకు సన్నం, వాసనలో కాస్త లవంగం ఘాటు. నాకు రెండోదే ఇష్టం. ఒరెగానో బదులు వామాకు. బజ్జీలేసుకునే దళసరి ఆకు. ఒరెగానోకి ఆ ఘాటు ఇచ్చే కార్వక్రాల్ అనే నూనె ఇందులోనూ ఉంది. నలుగురికి రెండాకులు, బాగా సన్నగా తరిగి. మూడో ఆకు వేస్తే దగ్గుమందు తాగినట్టుంటుంది. వామాకు వేడికి తట్టుకుంటుంది, ఇప్పుడే వేస్తున్నాను. బేసిల్ తట్టుకోదు, పొయ్యి ఆర్పాక చేత్తో తుంచి వెయ్యాలి. కొత్తిమీరా అంతే.

టమాటా పడనివాళ్ళకి ఇంకో దారి. ఒక కొబ్బరికాయ కోరి, గోరువెచ్చటి నీళ్ళతో మొదట చిక్కటి పాలు పిండి పక్కన పెట్టండి. రెండోసారి, మూడోసారి తీసిన పల్చటి పాలు ముప్పావు లీటరయ్యేలా చూసుకుని, అందులోనే పాస్తా ఉడికించండి. చిక్కటి పాలు మాత్రం పొయ్యి ఆర్పాక. మరిగితే విరుగుతాయి. నాలుగు నిమ్మ చుక్కలు, మిరియాల పొడి. క్రీమ్ డబ్బా కోసం కాకినాడ వెళ్ళక్కర్లేదు.

చీజ్ ఖరీదు. ఇటలీ దక్షిణాది బీదవాళ్ళు చీజ్ కొనలేక రొట్టె పొడిని నూనెలో వేయించి చల్లుకునేవాళ్ళు. నేను మోరి ఊరి జీడిపప్పు పలుకులు ఎర్రగా వేయించి, ఉప్పు కలిపి కచ్చాపచ్చాగా దంచి తెచ్చాను. ఈ సీసాలో ఉంది.

ఒక్క నిమిషం మాట్లాడకుండా వినండి. ఇందాక బుడబుడమని పెద్ద శబ్దం వచ్చేది. ఇప్పుడు గొంతు తగ్గింది, అడుగున సన్నగా చిటచిటమంటోంది. గరిటెతో మధ్యలో దారి తీస్తే సాసు వెంటనే మూసుకోవడం లేదు, నెమ్మదిగా వచ్చి కలుస్తోంది. ఇక్కడ ఆపాలి. పూర్తిగా ఇగిరేదాకా ఉంచితే ప్లేట్లోకి వెళ్ళేసరికి ముద్దవుతుంది, ఎందుకంటే పొయ్యి దిగాక కూడా పాస్తా తాగుతూనే ఉంటుంది. ఒక ముక్క కొరికి చూస్తున్నాను. మధ్యలో వెంట్రుకంత పలుకుంది. రెండు నిమిషాలు మూత పెడితే అదీ పోతుంది.

పొయ్యి ఆర్పేశాను. బేసిల్ తుంచడానికి ఎవరైనా ఒక పిల్ల పైకి రామ్మా. చేతులు కడుక్కుని రా.

బాబాయిగారూ, మొదటి ప్లేటు మీకే. ఉప్పు ఈసారి ఒక్క చెంచానే వేశాను, చూశారుగా. మంచినీళ్ళ గ్లాసు మాత్రం పక్కనే పెట్టిస్తాను.