నాలుగో పేజీలో ఆగిపోయిన దరఖాస్తు

[స్క్రీన్: ఫోన్‌లో పింఛను దరఖాస్తు, నాలుగో పేజీ]

ఫొటో పెట్టారు. సైజు ఎక్కువైందంది. తగ్గించి మళ్లీ పెట్టేసరికి "సెషన్ ముగిసింది" అని వచ్చింది. అప్పటిదాకా నింపిందంతా పోయింది. మళ్లీ పేరు, మళ్లీ పుట్టిన తేదీ.

[స్క్రీన్: అదే ఫోన్‌లో సగంలో ఆపిన సినిమా]

ఇప్పుడు నెట్‌ఫ్లిక్స్ తెరవండి. రాత్రి నిద్రొచ్చి ఎక్కడ ఆపేశారో అక్కడి నుంచే మొదలవుతుంది. టీవీలో తెరిచినా అంతే. సినిమాకు ఉన్న ఈ సదుపాయం పింఛను ఫారానికి ఎందుకు లేదు?

దేన్ని లెక్కపెడుతున్నారన్న దగ్గరే తేడా వస్తోంది. 2012 దాకా యూట్యూబ్ ఎక్కువ క్లిక్కులొచ్చిన వీడియోలను ముందుకు తెచ్చేది. తీరా చూస్తే జనం ఆశగా నొక్కి, వెంటనే బయటికొచ్చేస్తున్నారు. అందుకే ఆ ఏడాది నుంచి ఎంతసేపు చూశారన్నదానికి విలువ పెంచింది. చాలా ప్రభుత్వ పోర్టళ్లు ఇంకా ఆ పాత లెక్కే చెబుతున్నాయి: ఇంతమంది రిజిస్టరయ్యారు, ఇన్ని సేవలు ఆన్‌లైన్‌లో పెట్టాం అని. ఫారం మొదలుపెట్టినవాళ్లలో ఎంతమంది చివరిదాకా వెళ్లారు? మిగతావాళ్లు ఏ పేజీలో ఆగారు? తెలుసుకోవాల్సింది ఇది.

అలాగని యూట్యూబ్ లెక్కను యథాతథంగా తెచ్చుకోకూడదు. మనం ఎంతసేపు ఉంటే దానికి అంత లాభం. ప్రభుత్వ సైట్‌కు వచ్చినవాళ్లు ఎంత త్వరగా పని ముగించుకుని వెళ్లిపోతే అంత మంచిది.

[స్క్రీన్: పెద్ద అక్షరాల్లో ఒక తేదీ]

బ్రిటన్ ప్రభుత్వ సైట్ గవ్.యూకే 2012లో మొదలైంది. అందులో సెలవుల పేజీ తెరవగానే తర్వాతి సెలవు ఎప్పుడో పెద్ద అక్షరాల్లో కనబడుతుంది. పీడీఎఫ్ దింపుకుని వెతుక్కోనక్కర్లేదు.

నన్ను ఎక్కువగా బాధపెట్టే విషయం ఇంకొకటుంది. వీడియో యాప్ నచ్చకపోతే ఇంకో యాప్‌కు పోతాం. పోతామన్న భయమే ఆ కంపెనీలను సరిచేస్తుంది. పింఛనుకు ఇంకో యాప్ లేదు. విసిగిపోయి వదిలేసిన పెద్దాయనకు రావాల్సిన డబ్బు రాదు, సైట్ లెక్కల్లో మాత్రం ఆ నష్టం ఎక్కడా కనబడదు. అందుకే అలా ఆగిపోయినవాళ్లను పనిగట్టుకుని వెతకాలి. నింపినంతవరకు సేవ్ చేసి, "ఫొటో ఒక్కటే మిగిలింది, ఇక్కడ నొక్కి పెట్టండి" అని మెసేజ్ పంపాలి.

[స్క్రీన్: అదే ఫారం, పేరు, పుట్టిన తేదీ ముందే నింపి ఉన్నాయి]

పేరు, పుట్టిన తేదీ అసలు అడగాల్సిన పనే లేదు. ఎస్టోనియాలో 2001 నుంచి ఎక్స్-రోడ్ అనే వ్యవస్థ ప్రభుత్వ శాఖల డేటాబేస్‌లను కలుపుతోంది. ఒక శాఖ దగ్గరున్న వివరాన్ని ఇంకో శాఖ దాని ద్వారానే తెచ్చుకుంటుంది.